బొచ్చు రాలే కుక్కతో కాపురం

హస్కీ, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, అకీటా, సమోయెడ్, కోర్గీ, పగ్. వీటిలో ఏది ఇంటికొచ్చినా కొన్నాళ్ళకి వచ్చే ప్రశ్న ఒకటే: "బొచ్చు రాలకుండా ఏం చెయ్యాలి?" ఏం చేసినా రాలుతుంది. నూనెలు, మాత్రలు, సీసా మీద "యాంటీ షెడ్డింగ్" అని అచ్చేసిన షాంపూలు దాన్ని ఆపవు. కుదురు వదిలేసిన వెంట్రుక ఇవాళో రేపో కింద పడాల్సిందే. అది మన చేతిలో బ్రష్‌కి చిక్కాలా, సోఫా మీదో పళ్ళెంలోనో పడాలా అన్నది మాత్రం మన చేతుల్లో ఉంది. కుక్క ఒంటి మీద ఉండగానే పట్టుకున్న బొచ్చు పది నిమిషాల పని. ఇల్లంతా పరుచుకున్నాక అదే బొచ్చు వారం పని.

ఇంత ఎందుకు రాలుతుంది

ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరుగుతుంది, తర్వాత పెరగడం మానేసి కుదుట్లో ఊరికే నిలబడి ఉంటుంది, చివరికి ఊడిపోతుంది. జాతుల మధ్య తేడా ఈ దశల నిడివిలోనే ఉంది. పూడిల్‌కి పెరిగే దశ చాలా పొడవు. అందుకే దాని బొచ్చు నేల మీద పెద్దగా కనపడదు, కానీ మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది కాబట్టి కత్తిరిస్తూ ఉండాలి. హస్కీ, మాలమ్యూట్ లాంటి చలిప్రాంతపు జాతుల్లో ఎప్పుడు చూసినా ఎక్కువ కుదుళ్ళు విశ్రాంతిలోనే ఉంటాయి. వెంట్రుక ఒక పొడవుకి వచ్చి ఆగుతుంది, అడుగు నుంచి కొత్తది పుట్టేదాకా అలాగే ఉంటుంది, ఆ తర్వాత గుంపులు గుంపులుగా ఊడుతుంది.

ఈ జాతుల్లో చాలావాటికి బొచ్చు రెండు పొరలు. పైన కనిపించేది పొడుగ్గా, కాస్త గట్టిగా ఉంటుంది. వాననీ ఎండనీ మురికినీ ఆపేది అదే. దాని కింద ఉన్నిలాంటి లోబొచ్చు దట్టంగా ఉంటుంది. చర్మంలో ఒకే రంధ్రం నుంచి ఒక ముఖ్యమైన వెంట్రుక, దానితోపాటు ఎన్నో సన్నటి వెంట్రుకలు బయటికొస్తాయి. సీజన్ మారినప్పుడు కుచ్చులు కుచ్చులుగా లేచి వచ్చేది ప్రధానంగా ఈ సన్నవే. ఈ తేడా ముందే తెలుసుకుంటే బ్రష్ కొనేటప్పుడు పొరపాటు జరగదు. పైపొరని మాత్రమే నిమిరే బ్రష్‌తో రోజూ దువ్వుతూ "ఎంత దువ్వినా రాలుతూనే ఉంది" అనుకునేవాళ్ళు చాలామంది.

బొచ్చు రాలే సీజన్ మొదలవడానికి ఎండ వేడి కన్నా పగటి పొడవు పెద్ద కారణం. పగలు పెరిగినా తరిగినా ఆ మార్పు కంటి ద్వారా మెదడుకి చేరుతుంది, హార్మోన్లు మారతాయి, కుదుళ్ళు దానికి తగ్గట్టు నడుస్తాయి. ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వెలుగుతూ, ఉష్ణోగ్రత ఏడాదంతా ఒకేలా ఉంటే ఈ సంకేతం మసకబారుతుంది. ఇళ్ళల్లో ఉండే కుక్కలు ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా రాలుస్తూ, మధ్యలో రెండుసార్లు మరీ విపరీతంగా రాల్చేది అందుకే. ఆ విపరీతం సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది, కొన్నిట్లో ఇంకాస్త ఎక్కువ. తొడల వెనక, పిరుదుల దగ్గర లేత రంగు కుచ్చులు పైకి లేవడం మొదటి గుర్తు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలు హీట్ (ఎద) అయిన కొన్నాళ్ళకీ, పిల్లల్ని పెట్టిన రెండు మూడు నెలలకీ సీజన్‌తో సంబంధం లేకుండా రాలుస్తాయి. భయపడినప్పుడు కూడా రాలుతుంది. డాక్టర్ బల్ల ఎక్కించగానే ఒక్క చేతి నిమురుకి గుప్పెడు రావడంలో వింతేమీ లేదు.

పొట్టి బొచ్చైతే బాధ తక్కువన్నది ఒక భ్రమ. లాబ్రడార్‌కి దట్టమైన లోబొచ్చు ఉంది, లేత గోధుమ రంగు పగ్‌లకీ ఉంటుంది. డాల్మేషియన్ వెంట్రుక పొట్టిగా, నిటారుగా ఉండి నేరుగా గుడ్డ నేతలోకి దిగి కూర్చుంటుంది. సమోయెడ్ బొచ్చు ఉండలు చుట్టుకుని మూలకి చేరుతుంది, చేత్తో తియ్యొచ్చు. శుభ్రం చెయ్యడం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే పొడుగు బొచ్చే నయం.

గొరిగించే ముందు

వేసవి రాగానే "మొత్తం గొరిగించేస్తే దానికీ చల్లన, మనకీ హాయి" అనిపిస్తుంది. రెండు పొరల కుక్కకి ఈ పని చెయ్యకూడదు. కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా వగర్చడంతో తగ్గించుకుంటుంది, చెమట గ్రంథులు పాదాల అడుగున తప్ప దానికి పెద్దగా పనికిరావు. చచ్చిన లోబొచ్చంతా తీసేసిన పైపొర, మధ్యలో గాలి ఆడుతూ, ఎండని చర్మం దాకా రానివ్వదు. గొరిగితే ఆ అడ్డు పోతుంది, చర్మం కమిలే ప్రమాదం వస్తుంది. పైగా తిరిగి వచ్చేటప్పుడు లోబొచ్చు ముందు పెరిగి, పైపొర నెలల తరబడి వెనకబడుతుంది. రంగూ తీరూ మారి అక్కడక్కడా అతుకులు వేసినట్టు కనపడవచ్చు. కొన్ని కుక్కల్లో, ముఖ్యంగా చలిప్రాంతపు జాతుల్లో, గొరిగిన చోట కుదుళ్ళు విశ్రాంతిలోనే ఉండిపోయి బొచ్చు ఏడాదికీ రాకపోవచ్చు. ఇంత చేసినా రాలడం ఆగదు, పొట్టి ముక్కలై రాలుతుంది. అవి ఏరడం ఇంకా కష్టం.

శస్త్రచికిత్స, చర్మానికి మందు పూయాల్సి రావడం, విప్పలేనంతగా అట్టలు కట్టడం: ఇవి మినహాయింపులు. పాదాల అడుగున వేళ్ళ మధ్య, మలద్వారం చుట్టూ కత్తిరించడం మామూలు శుభ్రతే.

ఏ పనిముట్టు దేనికి

నాలుగు చాలు. ఒక డ్రాయర్ నిండా అక్కర్లేదు.

అండర్‌కోట్ రేక్ అంటే ఎడంగా ఉన్న పళ్ళ చిన్న దంతె లాంటిది. దాని పళ్ళు లోబొచ్చు అడుగుదాకా చేరేంత పొడవుండాలి, చివర్లు గుండ్రంగా ఉండాలి. పొడవు చాలకపోతే పైపైనే దువ్వి వదిలేస్తుంది. సీజన్‌లో ఎక్కువ పని చేసేది ఇదే.

స్లికర్ బ్రష్‌కి వంగిన సన్నటి తీగలు దగ్గరదగ్గరగా ఉంటాయి. చిన్న చిక్కులు విప్పడానికీ, రేక్ వదిలిన పీచు లాగడానికీ ఇది కావాలి. ఎక్కువ ఒత్తితే చర్మం గీరుకుపోయి ఎర్రబడుతుంది. ముందు మన ముంజేతి లోపలి వైపు అదే ఒత్తిడితో రెండుసార్లు గీసి చూసుకుంటే ఎంత బలం వాడుతున్నామో తెలుస్తుంది. మనకి మండితే దానికీ మండుతుంది.

లోహపు దువ్వెన, ఒక సగం పళ్ళు వెడల్పుగా, ఒక సగం దగ్గరగా ఉన్నది, దువ్వడానికి కన్నా పరీక్షకి పనికొస్తుంది. పని అయిందా లేదా అని చెప్పగలిగేది ఇదొక్కటే.

లాబ్రడార్, బీగిల్, పగ్, డాల్మేషియన్ లాంటి పొట్టి బొచ్చు వాటికి పైవాటి బదులు రబ్బరు బొడిపెల కర్రీ బ్రష్. గుండ్రంగా తిప్పుతూ రుద్దితే ఊడిన వెంట్రుక రబ్బరుకి పట్టుకుని వస్తుంది. మసాజ్ లాగా ఉంటుంది కాబట్టి చాలా కుక్కలు తామే ఒరిగి చేయించుకుంటాయి.

ఇక అందరూ ముందు కొనేది డీషెడ్డింగ్ బ్లేడు, ఫర్మినేటర్ రకం. మొదటిసారి గీస్తే గుట్టగా వస్తుంది, చూడ్డానికి తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తితోనే చిక్కు. దాని సన్నటి లోహపు పళ్ళ అంచు ఊడిన బొచ్చుతోపాటు బతికున్న పైవెంట్రుకలని కూడా తెంపగలదు. ఒకే చోట పదేపదే లాగితే పైపొర మొద్దుబారి, చర్మం ఎర్రబడుతుంది. వాడితే వారానికి ఒక్కసారి, పది పదిహేను నిమిషాలకి మించకుండా, పొడి బొచ్చు మీద, పెరిగిన దిశలోనే వాడాలి. మోచేతులు, వెన్నెముక, పక్కటెముకల లాంటి ఎముక తేలిన చోట్ల తేలిగ్గా. చిక్కులున్నచోట అసలు వద్దు. నా లెక్కలో రేక్ ఉన్న ఇంట్లో దీని అవసరం పెద్దగా లేదు.

వరసలుగా దువ్వడం

దట్టమైన బొచ్చుని పైనుంచి నిమిరినట్టు దువ్వితే పైన మెరుస్తుంది, లోపల చర్మం దగ్గర ఉన్ని అలాగే ఉండి అట్ట కడుతుంది. గ్రూమర్లు, అంటే కుక్కల బొచ్చు పని వృత్తిగా చేసేవాళ్ళు, చేసేది వరసలుగా దువ్వడం.

కుక్కని జారని చాప మీద పక్కకి పడుకోబెట్టాలి. వెనక కాలి కింది భాగం నుంచి మొదలుపెట్టాలి. ఎడమ చేత్తో బొచ్చుని పైకి మడిచి పట్టుకుంటే కింద చర్మం సన్నటి గీతలా కనిపించాలి. ఆ గీత నుంచి ఒక సెంటీమీటరు మందం బొచ్చుని మాత్రం కిందికి వదిలి, చర్మం దగ్గర నుంచి కొసదాకా స్లికర్‌తోనో రేక్‌తోనో లాగాలి. ఏమీ రావడం ఆగాక ఎడమ చెయ్యి కొంచెం పైకి జరిపి ఇంకో వరస వదలాలి. అలా తొడ, పక్క, భుజం, మెడ. తర్వాత రెండో పక్కకి తిప్పాలి. పొట్ట, చంకలు, తోక చివర్లో. గీత కనిపించకపోతే మనం దువ్వుతున్నది పైపొరనే అని అర్థం.

ఒక భాగం అయ్యాక లోహపు దువ్వెన చర్మం దగ్గర పెట్టి బయటికి లాగాలి. ఎక్కడా తట్టకుండా జారితే సరే. తట్టిన చోట మళ్ళీ స్లికర్. తట్టినా బలంగా లాగడం అనేది కుక్కకి బ్రష్ అంటే భయం పుట్టించే దగ్గరి దారి.

సీజన్‌లో రోజూ పది పదిహేను నిమిషాలు, మిగతా రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు. ఒంటినంతా ఒకేసారి చెయ్యక్కర్లేదు. ఇవాళ వెనక కాళ్ళు, రేపు ఒక పక్క అని పంచుకుంటే మనకీ దానికీ ఓపిక మిగులుతుంది. పైకి లేచిన కుచ్చులని వేళ్ళతో పీకెయ్యొచ్చు, కానీ తేలిగ్గా ఊడి వచ్చేవాటినే. పట్టు ఉన్న కుచ్చుని లాగితే నొప్పి, మర్నాడు బ్రష్ చూడగానే మంచం కిందికి దూరుతుంది.

అట్టలు కట్టే చోట్లు ఎప్పుడూ అవే: చెవుల వెనక, చంకలు, గజ్జలు, కాలర్ కింద, తొడల వెనక, తోక మొదలు. రాపిడీ తడీ ఉన్నచోట ఊడిన లోబొచ్చు పక్క వెంట్రుకలకి చుట్టుకుంటుంది. చిన్న ఉండైతే చర్మానికీ ఉండకీ మధ్య వేళ్ళు అడ్డం పెట్టి పట్టుకుని, కొస నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా చీల్చుకుంటూ రావాలి. కాస్త మొక్కజొన్న పిండి చల్లితే జారుడు వస్తుంది. చర్మానికి అంటుకున్న అట్టని కత్తెరతో కత్తిరించకండి. అట్ట లోపలికి చర్మం లాక్కుని మడతపడి ఉంటుంది, ఎక్కడ బొచ్చు ఆగి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలీదు. అలాంటి చోట క్లిప్పర్ (బొచ్చు గొరిగే మిషన్) వాడాలి, లేదా గ్రూమర్‌కి వదిలెయ్యాలి.

స్నానం, ఆరబెట్టడం

సీజన్‌లో ఊడేదంతా ఒక్కరోజులో పట్టుకోవాలంటే స్నానం, ఆ తర్వాత గట్టి గాలి. ఈ రెండూ కలిసి చేసే పని వారం దువ్వుడుకి సమానం. కానీ తేడా వస్తే నష్టమూ ఇక్కడే ఎక్కువ.

స్నానానికి ముందు చిక్కులన్నీ తీసి ఉండాలి. నీళ్ళు తగిలిన అట్ట ఇంకా బిగుసుకుంటుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. రెండు పొరల బొచ్చు నీటిని బయటికి తోసేస్తుంది కాబట్టి పైన తడిసినట్టు కనపడినా చర్మం పొడిగానే ఉంటుంది. షవర్ తలని బొచ్చులోకి గుచ్చి, మరో చేత్తో బొచ్చుని వెనక్కి నెడుతూ తడపాలి. షాంపూని నేరుగా వీపు మీద పొయ్యకుండా, సీసా మీద రాసిన నిష్పత్తిలో మగ్గులో నీళ్ళు కలిపి పొయ్యాలి. చిక్కటి షాంపూ ఒకేచోట అంటుకుని ఎంత కడిగినా పోదు. ఐదు నుంచి పది నిమిషాలు ఉండనివ్వాలి. పొట్టి బొచ్చు కుక్కకి ఈ సమయంలోనే కర్రీ బ్రష్‌తో రుద్దితే చేతినిండా వస్తుంది. మనుషుల షాంపూ వద్దు, కుక్క చర్మం మనకంటే తక్కువ ఆమ్లంగా ఉంటుంది, మన షాంపూ దానికి తగ్గట్టు చేసింది కాదు.

నురగ పట్టించినదానికి రెట్టింపు సేపు కడగాలి. కిందికి వచ్చే నీళ్ళు తేటగా ఉన్నా చంకల్లో, గజ్జల్లో వేలు పెట్టి చూస్తే జిగురు తగులుతుంది. మిగిలిపోయిన షాంపూ దురద పుట్టిస్తుంది, కుక్క గోకుతుంది, గోకితే ఇంకా ఊడుతుంది. తర్వాత కండిషనర్, అది ఊడిన బొచ్చుని జారేలా చేస్తుంది. దాన్నీ పూర్తిగా కడిగెయ్యాలి. కాలువ రంధ్రం మీద సన్నటి జల్లెడ పెట్టకుండా స్నానం మొదలుపెట్టొద్దు. జల్లెడ మధ్యలో రెండు మూడుసార్లు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది.

ఆరబెట్టడానికి గ్రూమర్లు వాడేది హై వెలాసిటీ డ్రయ్యర్. అది వేడితో కాకుండా గాలి వేగంతో నీళ్ళని తోసేస్తుంది. ఊడిన లోబొచ్చు కూడా దానితోపాటే ఎగిరిపోతుంది. తువ్వాలుతో అద్ది, రుద్దకుండా, నీళ్ళు పిండాలి. వేగం తక్కువలో పెట్టి వెనక తొడ నుంచి మొదలుపెట్టాలి. గాలి తగిలిన చోట బొచ్చు గుండ్రంగా విడిపోయి మధ్యలో చర్మం కనిపిస్తుంది. ఆ చర్మం పొడిబారి, కొత్తగా బొచ్చు ఎగరడం ఆగాక పక్క చోటికి జరగాలి. డ్రయ్యర్ గొట్టం మూతిని పదిహేను ఇరవై సెంటీమీటర్ల దూరంలో మొదలుపెట్టి, కుక్క ఓర్చుకున్నకొద్దీ దగ్గరకి తేవచ్చు. తోక, తొడల వెనక పొడుగు వెంట్రుకలకి మాత్రం దూరంగానే ఉంచాలి. దగ్గర పెడితే కొసలు కొరడాల్లా కొట్టుకుని ముడులు పడతాయి. ముఖం మీద, చెవుల్లోకి, జననాంగాల మీద ఆ గాలి అస్సలు తగలకూడదు. చెవులకి బట్ట పట్టీ చుడితే చప్పుడు కూడా కొంత తగ్గుతుంది. ఇంట్లో వాడితే గది అంతా బొచ్చు మేఘమే. ఆరుబయటో, తలుపు మూసిన స్నానాల గదిలోనో చెయ్యాలి. మాస్కు, కళ్ళద్దాలు మనకి. మోటారు చాలాసేపు తిరిగితే గాలి దానంతటదే వేడెక్కుతుంది, నడుమనడుమ అరచేతి మీద చూసుకోవాలి.

మన జుట్టు డ్రయ్యర్‌తో సరిపెట్టాలంటే చల్లగాలి మీదే. వేడిది ఒకే చోట ఉంచితే చర్మం కాలుతుంది. ఏ దారైనా చివర్లో చంక లోపలా చెవి వెనకా వేలితో తడిమి చూడాలి. లోబొచ్చు తడిగా ఉండిపోతే ఆ వెచ్చటి చెమ్మలో బాక్టీరియా పెరిగి, రాత్రికి రాత్రే ఎర్రగా రసి కారే పుండు పుడుతుంది. గోల్డెన్ రిట్రీవర్లలో, జర్మన్ షెపర్డ్‌లలో ఈ హాట్ స్పాట్లు బాగా ఎక్కువ. స్నానం నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి చాలు.

డ్రయ్యర్ చప్పుడు అలవాటు చెయ్యడానికి తొందరపడితే చెడుతుంది. మొదట ఆపి ఉన్న యంత్రం పక్కన తిండి. తర్వాత పక్క గదిలో నడుస్తుండగా తిండి. ఆ తర్వాత అదే గదిలో, గాలి తగలకుండా. చివరికి వెనక కాలికి కొన్ని క్షణాలు. ఏ మెట్టు దగ్గర తినడం మానేస్తే దానికి ముందు మెట్టుకి వెనక్కి వెళ్ళాలి.

ఇంట్లో

కుక్క రోజంతా తిరిగినా బొచ్చులో ఎక్కువ భాగం అది పడుకునే రెండు మూడు చోట్లే పడుతుంది. ఆ చోట్ల మీద తీసి ఉతకగలిగే దుప్పటి పరిస్తే సగం యుద్ధం అక్కడే అయిపోతుంది. సోఫా కొనేటప్పుడు వెల్వెట్, కార్డురాయ్, వదులు నేత గుడ్డలు వద్దు. తోలు, దగ్గర నేత మైక్రోఫైబర్ మీద వెంట్రుక నిలవదు. తోలుకి గోళ్ళ గీతల బాధ ఉంది, అది వేరే లెక్క.

పొడి చీపురు బొచ్చుని ఊడవదు, గాల్లోకి లేపుతుంది. నున్నటి నేల మీద కొంచెం తడిపిన మైక్రోఫైబర్ మాప్, తివాచీ మీద రబ్బరు పళ్ళ చీపురు. కిటికీ అద్దాలు తుడిచే రబ్బరు స్క్వీజీని తివాచీ మీద మన వైపుకి చిన్న చిన్న లాగుళ్ళతో లాగి చూడండి, వాక్యూమ్ చేశాక కూడా గుట్ట వస్తుంది. సోఫా మీద, కారు సీట్ల మీద తడి చేసిన రబ్బరు గ్లవుతో ఒకే దిశలో రుద్దితే వెంట్రుకలు చుట్టలు చుట్టుకుంటాయి. గాలి బాగా పొడిగా ఉన్న రోజుల్లో స్థిర విద్యుత్తు వల్ల అన్నీ అంటుకుపోతాయి. గుడ్డ మీద కొంచెం నీళ్ళు చిలకరిస్తే వదులుతాయి. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌లో వేసే సాఫ్ట్‌నర్ షీట్‌తో కుక్కని తుడిస్తే వెంట్రుకలు ఎగరవన్న చిట్కా మాత్రం పాటించకండి. వాటిలోని రసాయనం కుక్క నాక్కుంటే నోరు, పొట్ట పాడవుతాయి.

వాక్యూమ్ క్లీనర్లు బొచ్చు ఇళ్ళలో పాడయ్యేది మోటారు వల్ల తక్కువ, బ్రష్ రోలర్ వల్ల ఎక్కువ. వెంట్రుకలు రోలర్ రెండు చివర్లా బేరింగ్‌ల లోపలికి చుట్టుకుంటాయి, రాపిడికి వేడెక్కి ప్లాస్టిక్ మూత కరుగుతుంది, బెల్టు జారి కాలిన రబ్బరు వాసన వస్తుంది. వారానికోసారి రోలర్ తీసి, దాని పొడవునా కత్తెరతో చుట్టలు కోసి, చివరి మూతలు కూడా విప్పి చూడాలి. పీల్చడం తగ్గితే ముందు చూడాల్సింది ఫిల్టరే. కడిగే రకమైతే కడిగాక పూర్తిగా, కనీసం ఒక రోజు, ఆరనివ్వాలి. తడి ఫిల్టర్ పెడితే బొచ్చు దానికి అతుక్కుని ఇల్లంతా తడి కుక్క వాసన. రోబో వాక్యూమ్ రోజూ తిరిగితే నిజంగానే తేడా కనిపిస్తుంది, అయితే డబ్బా చిన్నది కాబట్టి రోజూ ఖాళీ చెయ్యాలి. ఇంకా బయటికెళ్ళడం అలవాటు కాని కుక్కపిల్ల ఉన్న ఇంట్లో మనం లేనప్పుడు దాన్ని తిప్పకపోవడం మంచిది. కారణం ఊహించగలరు.

బట్టలు ఉతికేటప్పుడు ఎక్కువమంది క్రమం తప్పుతారు. బొచ్చున్న దుప్పటి నేరుగా మిషన్‌లో వేస్తే తడిసిన వెంట్రుకలు కలిసి గట్టి ఉండలవుతాయి, కొన్ని గుడ్డకే అంటుకుంటాయి, మిగతావి పంపు ఫిల్టర్‌కి చేరతాయి. ముందు పొడిగా ఉండగా వదిలించాలి: బయట గట్టిగా దులపడం, లేదా డ్రయ్యర్ ఉంటే వేడి లేకుండా పది నిమిషాలు తిప్పి లింట్ జల్లెడ ఖాళీ చెయ్యడం. ఆ తర్వాతే ఉతుకు. కుక్క దుప్పట్లు విడిగా, డ్రమ్ము సగానికి మించకుండా, రెండోసారి జాడింపు పెట్టి వెయ్యాలి. అయ్యాక తలుపు రబ్బరు మడతలో చేరినదాన్ని తడిగుడ్డతో తుడిచి, ఖాళీ మిషన్‌ని ఒకసారి జాడింపు మీద తిప్పాలి. నీళ్ళు బయటికి పోకుండా మిషన్ ఆగిపోతే పంపు ఫిల్టర్ మీదే మొదటి అనుమానం. సీజన్‌లో నెలకోసారి దాన్ని విప్పాలి, కింద పళ్ళెం పెట్టుకుని, మిషన్ ప్లగ్ తీసి.

కంటికి కనపడని చోట్లు కూడా ఉన్నాయి. ఏసీ లోపలి జల్లెడ రెండు వారాలకోసారి కడగాలి. ఫ్రిజ్ వెనకో అడుగునో ఉండే కండెన్సర్ గొట్టాల మీద బొచ్చు దుప్పటిలా పరుచుకుంటే వేడి బయటికి పోక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కంప్యూటర్ ఫ్యాన్‌దీ అదే కథ. పొట్టి బొచ్చు కుక్కల ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళు అరికాళ్ళు చూసుకోవాలి. గట్టి వెంట్రుక ముల్లులా చర్మంలోకి దిగి చీము పట్టగలదు. గ్రూమర్లకి వేళ్ళ మధ్య ఇది మామూలు బాధే.

ఎలర్జీ ఉన్నవాళ్ళ సంగతి: తుమ్ములు తెప్పించేది వెంట్రుక కన్నా దానికి అంటుకున్న లాలాజలం, చర్మపు పొట్టులోని ప్రోటీన్లు. అందుకే తక్కువ రాల్చే జాతి తెచ్చుకున్నా సమస్య తప్పదు. ఇళ్ళలో ఎలర్జీ ప్రోటీన్లు కొలిచిన అధ్యయనాల్లో "ఎలర్జీ రాని జాతులు" అని పేరున్న కుక్కలకీ, మిగతావాటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఈ ప్రోటీన్లలో ఒకటి మగకుక్క ప్రోస్టేట్ గ్రంథిలో తయారవుతుంది. దానికి మాత్రమే పడనివాళ్ళు ఆడకుక్కతో ఇబ్బంది లేకుండా ఉండగలరు, పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. పడకగదిలోకి కుక్కని రానివ్వకపోవడం, హెపా ఫిల్టర్ (అతి సన్నటి ధూళిని కూడా పట్టేది) ఉన్న వాక్యూమ్, దువ్వే పని ఎలర్జీ లేనివాళ్ళు ఆరుబయట చెయ్యడం, ఇవి పనికొచ్చే జాగ్రత్తలు.

తిండి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వెంట్రుక దాదాపు మొత్తం ప్రోటీనే, కాబట్టి ప్రోటీన్ చాలని తిండితో బొచ్చు పేలవంగా, పెళుసుగా అవుతుంది. చేపనూనెలోని ఒమేగా 3 పొడి చర్మానికి, దురదకి కొంత మేలు చేస్తుంది, ఫలితం కనపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మోతాదు బరువుని బట్టి డాక్టర్ చెప్పాలి. ఇష్టమొచ్చినట్టు పోస్తే విరేచనాలు, అదనపు కేలరీలు. ఆరోగ్యంగా ఉన్న హస్కీకి ఎంత పోసినా సీజన్ రాక మానదు.

రాలడం రోగమైనప్పుడు

మామూలు రాలడంలో బొచ్చు పలచబడుతుంది కానీ చర్మం బయటపడదు. బోడి మచ్చ కనిపించినా, చర్మం ఎర్రబడినా, వాసన వచ్చినా, కుక్క గోకుతూ నాకుతూ ఉన్నా అది సీజన్ కాదు. మచ్చ ఎక్కడ, ఎలా ఉందన్నదే సగం ఆచూకీ ఇస్తుంది. గుండ్రంగా పొలుసులతో ఉంటే తామర కావచ్చు, అది మనుషులకీ అంటుకుంటుంది. చెవుల అంచులు, మోచేతుల దగ్గర విపరీతమైన దురదతో ఉంటే గజ్జి పురుగు. దురద లేకుండా రెండు పక్కలా ఒకేలా బోడిబారుతుంటే హార్మోన్ల తేడా చూడాలి: తోక బోడిగా, ఒళ్ళు బరువెక్కి, మందకొడిగా ఉంటే థైరాయిడ్ తక్కువ కావచ్చు. నీళ్ళు ఎక్కువ తాగుతూ, మూత్రం ఎక్కువ పోస్తూ, పొట్ట వేలాడుతుంటే కుషింగ్స్, అంటే కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు. హస్కీ, మాలమ్యూట్‌లలో కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ పొక్కులు కట్టి బొచ్చు ఊడితే జింక్ లోపాన్ని డాక్టర్ దృష్టికి తేవాలి. ఆ జాతుల్లో కొన్ని కుక్కలు తిన్న జింక్‌ని సరిగా ఒంటబట్టించుకోలేవు. అలా అని సొంతంగా జింక్ మాత్రలు వెయ్యకండి, ఎక్కువైతే అది విషం.

వీపు చివర, తోక మొదట్లో ఊడుతుంటే ఫ్లీల (బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగుల) సంగతి ముందు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సన్నటి పళ్ళ దువ్వెనతో అక్కడ దువ్వి, రాలిన నల్ల నలుసులని తడిపిన తెల్ల కాగితం మీద దులపాలి. మట్టైతే నల్లగానే ఉంటుంది. చుట్టూ ఎర్రటి గోధుమ రంగు పాకితే అది ఫ్లీల మలం, అంటే అరిగిన రక్తం. అప్పుడు మందు ఒక్క కుక్కకే వేస్తే చాలదు, ఇంట్లో ఉన్న కుక్కలూ పిల్లులూ అన్నిటికీ వాటి బరువుకీ జాతికీ తగ్గది వెయ్యాలి. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.